స్కాట్లాండ్ దీవులకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నావుగా, ఇవి చూసుకో చిన్నా

చిన్నా,

నువ్వు పంపిన ప్లాను చూశాను. పది రోజుల్లో ఎడిన్‌బరో, స్కై, లూయిస్, ఆర్క్నీ, షెట్లాండ్, మళ్లీ ఎడిన్‌బరో. మీ అమ్మ మోకాళ్లతో, మీ నాన్నగారి షుగర్‌తో అలా తిప్పావనుకో, ఇంటికెళ్లాక వాళ్లకి గుర్తుండేది కారు సీటూ ఫెర్రీ లాంజీ మాత్రమే. అంత డబ్బు పోసి ప్రైవేట్ గైడ్ని పెట్టుకునేది ఎందుకు, మనకి నచ్చినచోట ఇంకో గంట కూర్చోడానికేగా, ఆ గంటే లేకుండా ప్లాను వేస్తే ఇక బస్సు టూర్‌కీ దీనికీ తేడా ఏముంది. అందుకని నా మాట విని ఒక్క దీవుల గుంపే పెట్టుకో. మిగతావి ఇంకోసారి.

మ్యాప్‌లో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, అక్కడే అందరూ బోల్తా పడతారు. లూయిస్ పడమటి సముద్రంలో ఉంది, ఉల్లాపూల్ నుంచి స్టోర్నోవే ఫెర్రీ రెండున్నర గంటల పైమాటే. ఆర్క్నీ పైన ఉత్తరాన, స్క్రాబ్‌స్టర్ నుంచి స్ట్రామ్‌నెస్‌కి గంటన్నర. షెట్లాండ్ అయితే మా అబర్డీన్ నుంచి రాత్రి షిప్పు ఎక్కితే తెల్లారి లెర్విక్‌లో దిగుతావు, పన్నెండు గంటల పైనే. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే చాలాసార్లు వెనక్కి నేల మీదికొచ్చి మళ్లీ ఎక్కాలి. పైగా గాలి లేచిందంటే ఫెర్రీ రద్దు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు, ఒక రోజు పోతే మీ ప్లాన్‌లో మిగతా అన్ని బుకింగులూ వరసగా పోతాయి.

మీవాళ్లకైతే నేను ఆర్క్నీ చెప్తాను. నేల చదునుగా ఉంటుంది, చూడాల్సినవన్నీ కారులో అరగంట, ముప్పావుగంట దూరంలో ఉంటాయి, కొండలెక్కే పని లేదు. స్కారా బ్రే అని ఒక ఊరుంది, ఐదు వేల ఏళ్ల నాటిది, గీజా పిరమిడ్లకన్నా పాతది, 1850లో పెద్ద తుఫానొచ్చి ఇసుక కొట్టుకుపోతే బయటపడింది. పైనుంచి నడుస్తూ ఇళ్లలోకి తొంగి చూడొచ్చు, మధ్యలో పొయ్యి, రెండు పక్కలా రాతి పలకలతో కట్టిన పడకలు, గుమ్మానికి ఎదురుగా రాతి అల్మారా, లోపలికి అడుగుపెట్టగానే కనపడేలా. ఆ అల్మారా దగ్గర మీ అమ్మని కాసేపు వదిలెయ్, గిన్నెలెక్కడ పెట్టుకునేవాళ్లో నీళ్లెక్కడ పెట్టుకునేవాళ్లో తనే చెప్తుంది నీకు. పక్కనే బ్రాడ్గర్ రాళ్ల వలయం, స్టెన్నెస్ రాళ్లు, మేస్‌హౌ సమాధి, ఈ నాలుగూ కలిపి 1999లో యునెస్కో జాబితాలోకి వచ్చాయి. మేస్‌హౌకి మాత్రం ముందే టైమ్ స్లాట్ బుక్ చెయ్యాలి, ఇంకోటి, లోపలికెళ్లే దారి పది మీటర్ల పొడుగుంటుంది, నడుం పూర్తిగా వంచి నడవాలి. మీ అమ్మ వల్ల కాదు. నువ్వూ నాన్నగారూ వెళ్లండి, గోడల మీద వైకింగులు గీకిన రాతలు చూసి రండి, ఆవిడకి ఆ టైమ్‌లో గైడ్ స్ట్రామ్‌నెస్‌లో మంచి కాఫీ ఇప్పిస్తాడు. ఇలాంటివి ముందే గైడ్‌తో మాట్లాడి పెట్టుకోవాలి, అక్కడికెళ్లాక తేల్చుకుందాం అంటే కుదరదు.

ఇటాలియన్ చాపెల్ మాత్రం వదలొద్దు. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో దొరికిన ఇటలీ ఖైదీల్ని తెచ్చి ఇక్కడ దీవుల మధ్య అడ్డుకట్టలు కట్టించారు. 1939 అక్టోబర్‌లో జర్మన్ సబ్‌మెరైన్ ఒకటి ఈ దీవుల మధ్య బ్రిటిష్ యుద్ధనౌకలు ఆగే స్కాపా ఫ్లో రేవులోకి దూరి రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచేసింది, ఆ దారులు మూయడానికి వేసినవే ఆ కట్టలు, ఇప్పుడు వాటి మీదే కారులో పోతాం. ఆ ఖైదీలు రెండు రేకుల షెడ్లు కలిపి గుడి కట్టుకున్నారు. లోపల ఇటుకలూ చెక్కిన రాళ్లూ అనుకునేవన్నీ రంగులతో వేసిన బొమ్మలే, చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది (పెట్టొద్దు), దీపాల స్టాండ్లు కార్న్డ్ బీఫ్ డబ్బా రేకులతో చేశారు. బొమ్మలు వేసిన డొమెనికో కియోకెట్టీ, 1944లో మిగతా ఖైదీలందర్నీ ఆ దీవి నుంచి పంపించేసినా, పని పూర్తి చెయ్యడానికి ఆగిపోయాడు. ఇళ్లకి అంత దూరంలో, ఆ చలిలో, చేతికి దొరికిన వాటితో దేవుడి గది కట్టుకున్నారంటే నాకైతే ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఇంక గైడ్ సంగతి, అసలు దీనికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎడిన్‌బరో నుంచే ఒక గైడ్ కారుతో సహా మొత్తం పది రోజులు వస్తానంటే ఒప్పుకోకు. అతని హోటలూ భోజనమూ నీ బిల్లులోనే పడతాయి, కారుకి ఫెర్రీ ఛార్జీ కూడా నీదే, పైగా దీవుల గురించి అతనికి తెలిసింది తక్కువ. ఇన్వర్నెస్‌లో ఒక డ్రైవర్-గైడ్ని హైలాండ్స్, అంటే ఉత్తరాన కొండల ప్రాంతం, వరకు మాట్లాడుకో, అతను స్క్రాబ్‌స్టర్‌లో దింపేస్తాడు, మీరు సామాన్లతో ఫెర్రీ ఎక్కండి, అవతల స్ట్రామ్‌నెస్‌లో ఆర్క్నీవాళ్లే ఎవరైనా గైడ్ వచ్చి ఎక్కించుకుంటారు. వాళ్లు అక్కడే పుట్టిపెరిగినవాళ్లయితే మరీ మంచిది, ఏ పొలం ఎవరిది, ఏ తీరంలో సీల్స్ ఎన్నింటికి పడుకుంటాయి, ఆర్క్నీ పెద్ద ఊరు కిర్క్‌వాల్‌కి ఏ రోజు క్రూజ్ షిప్పు వస్తోంది అన్నీ వాళ్లకి తెలుసు. ఆ క్రూజ్ సంగతి చిన్నది కాదురా, పెద్ద షిప్పు వచ్చిన రోజు వేలమంది దిగుతారు, స్కారా బ్రే నిండిపోతుంది, షిప్పుల లిస్టు ముందే పోర్టువాళ్లు పెడతారు కాబట్టి ఆ రోజు ఇంకోవైపు తిప్పమని గైడ్‌కి చెప్పు.

అడగాల్సినవి అడుగు, మొహమాటపడకు. బ్లూ బ్యాడ్జ్ ఉందా అని అడుగు, అది స్కాట్లాండ్‌లో గైడ్‌లకి పరీక్షలు పెట్టి ఇచ్చే అర్హత. అది లేనివాళ్లలోనూ మంచివాళ్లు ఉంటారు గానీ ఉంటే మనకి ఒక ధైర్యం. కారుకి డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పే లైసెన్సూ ఇన్సూరెన్సూ ఉన్నాయా, మామూలు సొంత కారు ఇన్సూరెన్స్ దీనికి చెల్లదు. ఫెర్రీ రద్దయితే ఆ రోజు డబ్బులు ఎవరికి పోతాయి, ఇది మాత్రం రాతలో తీసుకో. ఇంకా అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్కసారి వీడియో కాల్ చెయ్, మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని. ఆ మనిషి యాస మీ నాన్నగారికి అర్థమవుతోందా, అడిగిన దానికి ఆగి నెమ్మదిగా చెప్తున్నాడా, పెద్దవాళ్లు నడవలేరు అంటే విసుక్కున్నాడా, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రోజంతా ఒకే కారులో కూర్చోవాల్సిన మనిషి, ఎంత చదువుకున్నవాడైనా ఓపిక లేకపోతే మనకొద్దు.

హైలాండ్స్‌కి మూడు రాత్రులు ఇన్వర్నెస్‌లోనే ఉండండి, రోజూ పెట్టె సర్దే పని ఉండదు. లాక్ నెస్ సరస్సు సరే, అందరూ చూసేదే, ఒక గంట చాలు. కలోడెన్ మైదానం తప్పకుండా. 1746 ఏప్రిల్ 16న పాత రాజవంశం కోసం తిరగబడ్డ జాకబైట్లని ప్రభుత్వ సైన్యం ఇక్కడే ఓడించింది, గంట కూడా పట్టలేదు ఆ యుద్ధం, ఆ తర్వాత హైలాండ్ జనం బతుకే మారిపోయింది. గడ్డిలో చిన్నచిన్న రాళ్ల మీద కులాల పేర్లలాగా క్లాన్ల (వంశాల) పేర్లుంటాయి, ఆ రాళ్ల కింద గుంపులుగా పూడ్చారు. నాలుగో రోజు స్క్రాబ్‌స్టర్ వెళ్లే దారిలో తొందరపడొద్దని డ్రైవర్‌కి చెప్పు, పొద్దున్నే బయల్దేరి సాయంత్రం ఫెర్రీ పట్టుకోండి. హెల్మ్స్‌డేల్‌లో వలసపోయేవాళ్ల విగ్రహం ఉంది, మొగుడు సముద్రం వైపు చూస్తుంటాడు, పెళ్లాం వదిలేసిన లోయ వైపు వెనక్కి చూస్తుంటుంది. 1800ల మొదట్లో గొర్రెల కోసం భూస్వాములు కౌలు రైతుల్ని ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించారు కదా, ఆ కథ. ఇంకాస్త పైకెళ్తే బాడ్‌బే అని సముద్రం అంచున కొండ కొమ్ము మీద పాడుబడ్డ ఊరు, వెళ్లగొట్టినవాళ్లు అక్కడ ఇళ్లు కట్టుకున్నారు, గాలికి కింద పడిపోకుండా పిల్లల్ని తాళ్లతో కట్టేసేవాళ్లని చెప్తారు. దారి గతుకులుగా ఉంటుంది, మీ అమ్మని కారులో ఉంచి నువ్వు వెళ్లిరా.

నేను నడుపుతా, డ్రైవర్ ఎందుకు అంటావేమో. వద్దు. ఇక్కడా ఎడమవైపే గానీ పైన చాలా రోడ్లు ఒక్క కారు పట్టేవే, ఎదురుగా బండి వస్తే పాసింగ్ ప్లేస్‌లో ఆగాలి, నీ వైపు ఉంటే అందులోకి తిప్పాలి, అవతలి వైపు ఉంటే దాని ఎదురుగా ఆగి వాళ్లని రానివ్వాలి, వెనకున్నవాళ్లకి కూడా దారి ఇవ్వాలి. నీ కళ్లు రోడ్డు మీదే ఉంటే అమ్మానాన్నలతో మాట్లాడేది ఎప్పుడు.

నెల విషయంలో మే చివరో జూన్ మొదట్లోనో రా. జూన్‌లో కిర్క్‌వాల్‌లో పద్దెనిమిది గంటల పగలు, రాత్రి పదకొండుకి కూడా వెలుతురుంటుంది, కళ్లకి కట్టుకునే గుడ్డ తెచ్చుకోండి లేకపోతే మీ నాన్నగారికి నిద్ర పట్టదు. పఫిన్ పిట్టలు కూడా అప్పుడే ఉంటాయి, ఆగస్టు మొదటివారం దాటితే సముద్రంలోకి వెళ్లిపోతాయి. జూలై, ఆగస్టుల్లో పడమటి హైలాండ్స్‌లో మిడ్జెస్ అని కంటికి ఆననంత చిన్న దోమలు మేఘంలా వచ్చి కుడతాయి, ఆర్క్నీలో గాలి ఎక్కువ కాబట్టి ఆ బాధ తక్కువ. గొడుగు తేవొద్దు, ఆ గాలికి నిలవదు, వాన ఆగే జాకెట్టూ చెవులు కప్పే టోపీ ముగ్గురికీ కొను, జూన్ అయినా సరే.

తిండి గురించి బెంగ పెట్టుకోకు. వంటిల్లు ఉన్న కాటేజీ తీసుకో, బియ్యం కిర్క్‌వాల్ సూపర్‌మార్కెట్‌లో దొరుకుతుంది. ఆవకాయ, పొడులు తెచ్చుకోవచ్చు గానీ నెయ్యి, పాలకోవా లాంటి పాల సరుకు ఇండియా నుంచి తేనివ్వరు, మీ అమ్మకి గట్టిగా చెప్పు. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిదైతే వంట ఆపేస్తారు, కాబట్టి నాన్నగారి భోజనం టైమ్ గైడ్‌కి రాసి ఇవ్వు, కారులో ఎప్పుడూ బిస్కట్లో అరటిపండో ఉండాలి. ఆర్క్నీ ఫెర్రీ దాటే పెంట్‌లాండ్ ఫర్త్ జలసంధిలో అట్లాంటిక్, ఉత్తర సముద్రం కలుస్తాయి, షిప్పు ఊగుతుంది, డాక్టర్ని అడిగి వాంతుల మాత్ర ముందే వేయించు. ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు కవర్ అయ్యేది తీసుకో, రెండొందలు ఎక్కువైనా. కిర్క్‌వాల్‌లో ఆసుపత్రి ఉంది గానీ పెద్ద కేసులు విమానంలో మా ఊరికే వస్తాయి, నేను పనిచేసినన్నాళ్లూ చూశాను.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదని మీ నాన్నగారిని అడుగు. ఆయన తెలుగు లెక్చరర్‌గా కైఫీయతులు, అదే ఊళ్ల చరిత్రలు, పట్టుకుని ఎన్నేళ్లు కూర్చున్నారో మనందరికీ తెలుసు. ఆ కైఫీయతులు పోగుచేయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలో, స్టోర్నోవేలో. అక్కడ కస్టమ్స్‌లో పనిచేసి 1783లో మద్రాసు వెళ్లాడు, ఏలూరి కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్లే ఊరూరూ తిరిగి ఆయనకి చరిత్రలు రాయించారు. అమరావతి స్తూపానికి కొలతలు తీయించిందీ ఆయనే. తర్వాత సర్వేయర్ జనరల్ అయ్యి 1821లో కలకత్తాలో పోయాడు, మళ్లీ ఆ దీవికి రాలేదు. ఆ ఊరి రేవులో నిలబడటం మీ నాన్నగారికి ఐదు వేల ఏళ్ల రాళ్లకన్నా ఎక్కువ కావచ్చు. అలా అయితే ఆర్క్నీ మొత్తం తీసేసి లూయిస్ పెట్టు, కలానిష్ నిలువు రాళ్లూ ఉన్నాయి, హారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట నేసేవాళ్ల షెడ్లూ ఉన్నాయి, ఆ దీవులవాళ్లు వాళ్ల ఇళ్లలో మగ్గం మీద నేస్తేనే దానికి ఆ పేరు పెట్టాలని 1993లో చట్టం కూడా చేశారు, మంగళగిరిలో పుట్టిన మీ అమ్మ ఆ మగ్గం చప్పుడు వినగానే లోపలికెళ్లి పడుగూ పేకా చూడకుండా రాదు. ఆదివారం మాత్రం అక్కడ చాలావరకు మూత, చర్చి రోజు, ఆ రోజు బీచికి వెళ్లండి. రెండూ మాత్రం వద్దు, ఏదో ఒకటే.

ముందు ఫెర్రీ, కాటేజీ, గైడ్ ఈ మూడూ ఒకే తేదీలకి కుదిరాయో లేదో చూడు, జూన్‌కి చాలా ముందే నిండిపోతాయి. తర్వాతే ఫ్లైట్లు. యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా ఇక్కడ పనికిరాదు, యూకే విజిటర్ వీసా కావాలి, ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. గైడ్ పంపే కొటేషన్ నాకు ఫార్వర్డ్ చెయ్, అడ్వాన్స్ కట్టకముందే ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ