హెచ్‌ఎం కావాలంటే ఎంబీఏ అవసరమా?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. వయసు 39. ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను. హెడ్‌మిస్ట్రెస్ కావాలన్నది నా కోరిక. దూరవిద్యలో స్కూల్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ చేస్తే ప్రమోషన్ త్వరగా వస్తుందని ఒక సంస్థ వాళ్లు చెబుతున్నారు. ఫీజు లక్ష పైనే. చేరమంటారా?

జవాబు: ప్రమోషన్ కోసమైతే చేరొద్దు టీచర్ గారూ. స్కూల్ అసిస్టెంట్ నుంచి గెజిటెడ్ హెచ్‌ఎం పదోన్నతి సీనియారిటీని బట్టి వస్తుంది. ఏ ఎంబీఏ కూడా ఆ జాబితాలో మిమ్మల్ని ఒక్క స్థానం పైకి జరపదు. అక్కడ అడిగేది డిపార్ట్‌మెంటల్ టెస్టులు. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు రెండు పేపర్లు, కోడ్ 88, 97. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు ఒకటి, కోడ్ 141. స్టాఫ్‌రూమ్‌లో గాట్, ఈవోటీ అని అంటుంటారే, అవే. ఏపీపీఎస్సీ పెడుతుంది. తెలంగాణలో వాళ్లకు టీజీపీఎస్సీ. ముందుగా పాసైనంత మాత్రాన ముందుగా ప్రమోషన్ రాదు. కానీ మీ వంతు వచ్చేనాటికి పాసై ఉండకపోతే మీ జూనియర్ ముందుకు వెళ్లిపోతారు. ఇలా ఏళ్లు పోగొట్టుకున్న మంచి టీచర్లను చూశాను, చాలా బాధగా ఉంటుంది.

పాఠాలు చెప్పే మనిషికి అకౌంట్స్ టెస్టు ఎందుకని చాలామంది విసుక్కుంటారు. హైస్కూల్ హెచ్‌ఎం అంటే డీడీవో కూడా, అంటే ట్రెజరీ నుంచి డబ్బు డ్రా చేసి చెల్లించే అధికారి. సిబ్బంది జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సెలవుల లెక్క, సర్వీస్ రిజిస్టర్లలో ఎంట్రీలు, రిటైరయ్యేవాళ్ల పెన్షన్ కాగితాలు అన్నీ ఆ సంతకంతోనే కదులుతాయి. ఒక ఎంట్రీ తప్పుపడితే ఎవరో ఒకరి పెన్షన్ నెలల తరబడి ఆగుతుంది. అందుకే ట్రెజరీ కోడ్, ఫైనాన్షియల్ కోడ్, ఫండమెంటల్ రూల్స్ చదవమంటారు. గణితం టీచర్‌గా మీకు లెక్కలు కష్టం కావు, నిబంధనల భాషే మొదట్లో ఇబ్బంది పెడుతుంది. ముందు 141 ఒక్కటే రాయండి. 88, 97 తర్వాతి సెషన్‌లో చూసుకోవచ్చు. మూడూ ఒకేసారి నెత్తిన పెట్టుకుంటే టెన్షన్ తప్ప లాభం లేదు.

చదువుతూనే మీ హెచ్‌ఎం గారిని అడిగి కొంత పని నేర్చుకోండి. జీతాల బిల్లు తయారయ్యేటప్పుడు పక్కన కూర్చోండి. యూడైస్ (బడుల సమాచారం సేకరించే ప్రభుత్వ వ్యవస్థ) వివరాల నమోదు, మధ్యాహ్న భోజనం రిజిస్టర్, తల్లిదండ్రుల కమిటీ సమావేశం మినిట్స్‌లో ఏదో ఒకటి మీ చేతికి తీసుకోండి. పరీక్షలో చదివిన రూలు ఇక్కడే అర్థమవుతుంది.

సీనియారిటీ కోసం ఎదురుచూడకుండా వెళ్లే దారి కూడా ఉంది. డిప్యూటీ ఈవో, అంటే డిప్యూటీ ఎడ్యుకేషన్ ఆఫీసర్ పోస్టులను ఏపీపీఎస్సీ నేరుగా కూడా భర్తీ చేస్తుంది. 2023 చివర్లో 38 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అడిగిన చదువు పీజీ, బీఈడీ. అవి మీకున్నాయి. పోటీ గట్టిది, నోటిఫికేషన్లు ఎప్పుడోగానీ రావు. వచ్చినప్పుడు వయోపరిమితి, మార్కుల శాతం సరిచూసుకుని తప్పకుండా దరఖాస్తు చేయండి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లోనూ ప్రిన్సిపల్ నియామకాలు ఉంటాయి గానీ వాటికి సర్వీసు షరతులు వేరు.

నాయకత్వం గురించి నిజంగా నేర్చుకోవాలని ఉంటే లక్ష అక్కర్లేదు. ఢిల్లీలోని నీపా (విద్యా ప్రణాళిక, పరిపాలనల జాతీయ సంస్థ)కు చెందిన జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఆన్‌లైన్ కోర్సు ఉచితం. ఇగ్నోలో విద్యా నిర్వహణ, పరిపాలనలో పీజీ డిప్లొమా ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది, కాబట్టి ఈ చదువు వృథా పోదు. రేపు మీరు ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపల్‌గా వెళ్లాలనుకుంటే ఇంటర్వ్యూలో ఇలాంటి డిప్లొమా పనికొస్తుంది.

ఒక్క విషయం ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. గెజిటెడ్ హెచ్‌ఎం పోస్టు జిల్లా స్థాయిది కాదు, కొన్ని జిల్లాలు కలిసిన జోన్ స్థాయిది. కౌన్సెలింగ్‌లో ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లాల్సి రావచ్చు. పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకుని ప్రమోషన్ వద్దని రాసిచ్చే టీచర్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో ఆ సర్దుబాటు ఎలా కుదురుతుందో ఆర్డర్ చేతికొచ్చిన రోజున కాకుండా ముందే తేల్చుకోండి.