రెండో స్థానంలో వచ్చి గెలవడం ఎలా? అమెరికా ప్రైమరీలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికాలో పార్టీ టికెట్ కోసం పోటీ జరిగేటప్పుడు, రెండో స్థానంలో వచ్చినవాణ్ని గెలిచాడన్నట్టు రాస్తారు. మొదటివాడు గెలిచి కూడా ఓడినట్టేనట. ఇదేం లెక్క? (ఏలూరు)

జవాబు: మన దగ్గర టికెట్ సంగతి అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం చేతికొస్తే ఆ కథ ముగిసినట్టే. అక్కడ అధ్యక్ష అభ్యర్థిని తేల్చేది పార్టీ ఓటర్లు (ఆ ఓటింగే ప్రైమరీ), అదీ ఒక్క రోజులో కాదు. ఏడాది మొదట్లో మొదలై జూన్ దాకా ఒక రాష్ట్రం తర్వాత ఒకటి ఓటేస్తాయి. ముందు ఓటేసే చిన్న రాష్ట్రాల్లో దక్కే డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, గుప్పెడే. కానీ ఆ ఫలితాన్ని చూసే తర్వాతి రాష్ట్రాల ఓటర్లు మనసు మార్చుకుంటారు, చందాలిచ్చేవాళ్లు చెయ్యి విప్పుతారు లేదా ముడుచుకుంటారు. వాళ్లు చూసేది ఎన్ని ఓట్లొచ్చాయని కాదు, అనుకున్నదానికి మించి వచ్చాయా లేదా అని.

1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్ డెమొక్రాటిక్ ప్రైమరీలో పదవిలో ఉన్న అధ్యక్షుడు జాన్సన్‌కు 49 శాతం పైగా వచ్చాయి. బ్యాలెట్‌పై ఆయన పేరు కూడా లేదు, ఓటర్లు చేత్తో రాసి వేశారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ దిగిన సెనేటర్ యూజీన్ మెకార్తీకి 42 శాతం. అంకెల్లో జాన్సన్‌దే పైచేయి. కానీ నాలుగు రోజులకే రాబర్ట్ కెనెడీ బరిలోకి దిగాడు, మార్చి 31న జాన్సన్ తప్పుకున్నాడు. చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. అక్కడ డెలిగేట్లను ఓటర్లే పేరుపేరునా ఎన్నుకునేవారు. జాన్సన్ మద్దతుదారులు ఉన్న స్థానాలకు మించి నిలబడి ఓట్లు చీల్చుకున్నారు. 24 మంది డెలిగేట్లలో 20 మంది మెకార్తీ వైపే గెలిచారు.

1972లో ఎడ్మండ్ మస్కీది ఇంకా కష్టం. ఆయనది పక్కనే ఉన్న మెయిన్ రాష్ట్రం కాబట్టి న్యూహాంప్‌షైర్‌లో సగానికి మించి తెచ్చుకుంటాడనుకున్నారు. 46 శాతంతో గెలిచాడు. 37 శాతం తెచ్చుకున్న జార్జ్ మెక్‌గవర్న్ గురించే అందరూ మాట్లాడారు, టికెట్ కూడా ఆయనకే దక్కింది. 1992లో బిల్ క్లింటన్ అదే రాష్ట్రంలో 25 శాతంతో పాల్ సాంగస్ వెనక నిలిచాడు. ఆరోపణలతో మునిగిపోయాడనుకున్న మనిషి రెండో స్థానానికి రావడమే గొప్పన్నట్టు ఆ రాత్రే తనను తాను పడి లేచినవాడిగా ప్రకటించుకున్నాడు. జనం నమ్మారు.

ప్రశ్న: ఓట్లు ఎక్కువొచ్చినా డెలిగేట్లు ఎందుకు పెరగవు? 2008లో హిల్లరీ పెద్ద రాష్ట్రాలు గెలిచినా ఒబామా ముందున్నాడు కదా! (వరంగల్)

జవాబు: దీనికి కాగితం, పెన్ను తీసుకోవాలి. డెమొక్రాట్లలో 15 శాతం దాటినవాళ్లకే వాటా. ఎక్కువ భాగం డెలిగేట్లను నియోజకవర్గాలవారీగా పంచుతారు. ముగ్గురికి 48, 40, 12 శాతం వచ్చాయనుకోండి. పన్నెండు శాతం ఓట్లు లెక్కలోంచి పోతాయి. మిగిలిన 88లో మొదటివాడి వాటా 54.5, రెండోవాడిది 45.5. ఆ నియోజకవర్గానికి నలుగురు డెలిగేట్లుంటే మొదటివాడికి 2.18, రెండోవాడికి 1.82 రావాలి. ముందు పూర్ణాంకాలు ఇస్తారు: రెండు, ఒకటి. మిగిలిన ఒక్కటి ఎవరి భిన్నం పెద్దదైతే వాళ్లకు, అంటే రెండోవాడికి. ఫలితం చెరి రెండు.

ఇద్దరే మిగిలినప్పుడు నాలుగు డెలిగేట్ల చోట మూడు కావాలంటే 62.5 శాతం దాటాలి. అరవై తెచ్చుకున్నా సమానమే. అదే ముగ్గురు డెలిగేట్ల చోట 51 శాతానికే రెండు దక్కుతాయి. అందుకే లెక్క తెలిసిన ప్రచారకర్తలు సరి సంఖ్య ఉన్న చోట ఓడిపోకుండా చూసుకుని, డబ్బూ మనుషులనూ బేసి సంఖ్య ఉన్న చోటికి పంపుతారు. వెనకబడిన అభ్యర్థికి ఇంతకన్నా చవకైన ఆయుధం లేదు.

ఒబామా బృందం 2008 ఫిబ్రవరి 5న దీన్నే వాడుకుంది. న్యూజెర్సీలో 11 లక్షల మందికి పైగా ఓటేశారు. హిల్లరీ దాదాపు పది శాతం తేడాతో గెలిస్తే డెలిగేట్లు 59-48, అంటే 11 ఎక్కువ. అదే రోజు ఐడహో కాకస్‌కు (పార్టీవాళ్లు ఒకచోట చేరి అభ్యర్థిని తేల్చుకునే సమావేశం) వచ్చింది 21 వేల మందే. అక్కడ ఒబామాకు 80 శాతం దాకా వచ్చి డెలిగేట్లు 15-3 అయ్యాయి, అంటే 12 ఎక్కువ. ఐడహోలో ఆఫీసులు తెరిచి మనుషులను పెట్టింది ఒబామా పక్షమే. మార్చి 4న టెక్సాస్‌లో పగలు ప్రైమరీ, సాయంత్రం కాకస్. ప్రైమరీలో హిల్లరీ 65-61తో గెలిచింది. కాకస్‌లో ఒబామాకు 38, ఆమెకు 29. మొత్తం కలిపితే 99-94, ఒబామాదే పైచేయి.

ప్రశ్న: 2016లో ట్రంప్‌ను వద్దన్న రిపబ్లికన్లే ఎక్కువ కదా, అయినా ఎలా గెలిచాడు? (కర్నూలు)

జవాబు: రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాలు గెలిచినవాడికే అన్నీ లేదా చాలావరకు ఇచ్చేస్తాయి. దక్షిణ కరోలైనాలో 50 మంది డెలిగేట్లు. 29 మంది రాష్ట్రమంతటా ముందున్నవాడికి, ఏడు నియోజకవర్గాల్లో ఒక్కోదానికి ముగ్గురు చొప్పున 21 మంది. ట్రంప్‌కు 32.5 శాతమే వచ్చాయి. రూబియో, క్రూజ్‌లకు కలిపి 44 దాటాయి. వాళ్లిద్దరూ అన్ని చోట్లా ఓట్లు పంచుకోవడంతో ఏడింటిలో ఏడూ ట్రంప్‌వే, యాభైకి యాభై ఆయనవే. మార్చి 15న ఫ్లోరిడాలో 45.7 శాతానికి 99 మంది డెలిగేట్లు. ముందంజలో ఉన్నవాడిని ఆపాలంటే మిగతావాళ్లు త్వరగా తప్పుకోవాలి. ఎవరికి వారు పక్కవాడే తప్పుకుంటాడని ఆగడమే ఇక్కడ జరిగే తప్పు.

2020లో డెమొక్రాట్లు ఆ తప్పు చేయలేదు. మొదట ఓటేసిన అయోవాలో బైడెన్‌ది నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలైనా గెలిచాడు. మర్నాడు బుటిజెజ్, ఆ మర్నాడు క్లోబుషార్ తప్పుకున్నారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో పది బైడెన్‌వి. ఆయన గెలిచినవాటిలో క్లోబుషార్ సొంత రాష్ట్రం మిన్నెసోటా కూడా ఉంది. అప్పటికే పోస్టులో ఓటేసేసినవాళ్ల ఓట్లు మాత్రం తప్పుకున్నవాళ్ల ఖాతాలో పడి వృథా అయ్యాయి.

ప్రశ్న: డబ్బున్నవాడు నెగ్గడం ఖాయమేనా? (విశాఖపట్నం)

జవాబు: కాదు. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ సొంత డబ్బు 50 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించి, మొదటి నాలుగు రాష్ట్రాలు వదిలేసి మార్చి 3 కోసం కూర్చున్నాడు. గెలిచింది పసిఫిక్‌లోని చిన్న దీవుల ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే. 2008లో సర్వేల్లో ముందున్న రిపబ్లికన్ జూలియానీ కూడా ఫ్లోరిడా దాకా ఆగాడు. అక్కడ మూడో స్థానం వచ్చింది, మర్నాడే తప్పుకున్నాడు. మొదటి రాష్ట్రాలు వదిలేస్తే ఆ వారాల్లో వార్తల్లో మీ పేరే ఉండదు.

ప్రశ్న: పేరున్న నాయకుల పేర్లే కొన్ని చోట్ల బ్యాలెట్‌పై కనిపించవు. ఎందుకని? (ఖమ్మం)

జవాబు: సంతకాలు చాలక. 2012లో వర్జీనియా రిపబ్లికన్ ప్రైమరీ బ్యాలెట్ ఎక్కాలంటే 10,000 మంది ఓటర్ల సంతకాలు కావాలి. అందులో 11 నియోజకవర్గాల్లో ప్రతి దానిలోనూ కనీసం 400 ఉండాలి. పదివేలూ ఒక్క నగరంలో పోగేస్తే చెల్లదు. పరిశీలనలో కొన్ని కొట్టేస్తారు కాబట్టి అవసరానికి మించి తేవాలి. న్యూట్ గింగ్రిచ్ నివాసం వర్జీనియాలోనే, అయినా ఆయనవి చాలలేదు. రిక్ పెర్రీ కోర్టుకెళ్లినా ఊరట దొరకలేదు. చేత్తో పేరు రాసే వీలూ లేదు. బ్యాలెట్‌పై మిగిలింది రామ్నీ, రాన్ పాల్ ఇద్దరే. వర్జీనియా ఓటేసిన రోజే ఒహాయోలో మరో పోటీదారు శాంటోరమ్ ఒక్క శాతం తేడాతో రామ్నీ వెనక నిలిచాడు. కొన్ని నియోజకవర్గాల్లో డెలిగేట్ల పేర్లే దాఖలు చేయలేదు కాబట్టి అక్కడ గెలిచినా ఆయనకు దక్కేది లేదు. ఈ గడువులు అయోవా ఫలితం రాకముందే ముగిశాయి. చిన్న అభ్యర్థికి మనుషులూ డబ్బూ లేనిది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ప్రశ్న: మా ఇంట్లో నేను హెచ్-1బీ, మా అన్నయ్యకు గ్రీన్‌కార్డు, వదిన పౌరురాలు. ప్రైమరీలో మేం ఏం చేయొచ్చు? (డల్లాస్)

జవాబు: ఓటు మీ వదినగారికే. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరు రాయక్కర్లేదు. పోలింగుకు 30 రోజుల ముందే నమోదు పూర్తవ్వాలి, మార్చి మొదటి మంగళవారం వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడగాలి. ఒక పార్టీది తీసుకుంటే మేలో జరిగే రనాఫ్‌లో (రెండో విడత పోలింగ్) రెండో పార్టీకి వేయడం కుదరదు. నవంబరులో మాత్రం ఎవరికైనా వేయొచ్చు.

మీ అన్నయ్యగారు చందా ఇవ్వొచ్చు. 2025-26 పరిమితి ప్రకారం ఒక్కో అభ్యర్థికి ప్రైమరీకి 3,500 డాలర్లు, నవంబరు ఎన్నికకు మరో 3,500. ఓటు మాత్రం వేయకూడదు, వేస్తే దేశం నుంచి పంపేసే దాకా వెళ్తుంది. నమోదు ఫారంలో పౌరుణ్నని టిక్ పెట్టడమే నేరం. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా చదివి సంతకం పెట్టమనండి.

మీరు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, మీ డబ్బును వదినగారి పేరుతో ఇప్పించడం కూడా నేరమే. జీతం లేకుండా ఫోన్లు చేయడం, ఇంటింటికీ తిరగడం చేయొచ్చు. ప్రచారంలో డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే చర్చల్లో మాత్రం కూర్చోకండి.