హైడ్రిల్లా ఆకుల మీద తెల్లటి పొర

ప్రశ్న: మాస్టారూ, మా పాప కోసం అక్వేరియం పెట్టి హైడ్రిల్లా వేశాం. మా అపార్ట్‌మెంట్‌లో అంతా బోరు నీళ్లే. నెల తిరక్కుండానే ఆకుల మీద తెల్లగా, గరుగ్గా పొర కట్టింది. ఫంగసేమోనని టెన్షన్‌గా ఉంది. నీళ్లకీ వెలుతురుకీ లోటు లేదు కదా, మొక్కకి ఏం తక్కువైంది?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కంగారు పడకండమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి అది సున్నంలా ఉంది. ఒక ఆకు తుంచి నిమ్మరసం చుక్క వేయండి, సన్నగా బుడగలొస్తే సున్నమే. మా ఇంట్లో బకెట్‌కి పట్టే తెల్లటి గార కూడా ఇదే. కాకపోతే ఆకు మీద దీన్ని కట్టించింది మొక్కే.

నీటి మొక్కకి తక్కువయ్యేది కార్బన్ డై ఆక్సైడ్. ఆ వాయువు గాలిలో కన్నా నీళ్లలో దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. ఆకు చుట్టూ ఉన్న కాస్తా అయిపోతే, మళ్లీ వచ్చేదాకా పస్తే. హైడ్రిల్లా ఆకు రెండంటే రెండు కణాల మందం ఉండేది అందుకే. అదీ చాలక, బోరు నీళ్లలో కరిగిన బైకార్బొనేట్ అనే లవణం నుంచి కూడా కార్బన్ లాక్కుంటుంది. అప్పుడు ఆకు పైవైపు నీళ్లు క్షారంగా మారి, వాటిలోని కాల్షియం అక్కడే సున్నమై పేరుకుంటుంది.

అనంతపురంలో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పే రోజుల్లో బీకరులో హైడ్రిల్లా పెట్టి, దాని మీద గరాటు, ఆపైన పరీక్షనాళిక బోర్లించేవాణ్ని. చిటికెడు వంటసోడా వేస్తే మొక్క వదిలే ఆక్సిజన్ బుడగలు జోరందుకునేవి. వెనక బెంచీ పిల్లలు కూడా లేచొచ్చి లెక్కపెట్టేవారు. వంటసోడా అంటే బైకార్బొనేటే కదా! మీ అక్వేరియంలో మాత్రం వేయకండి, చేపలకి పడదు.

మీ వైపు బెళ్లందూరు చెరువులో గుర్రపుడెక్క చూసే ఉంటారు. దాని ఆకులు గాలిలోనే ఉంటాయి, కాబట్టి దానికి ఈ కరువు లేదు. మురుగులోని నత్రజని, ఫాస్ఫరస్ తిని నీళ్లని కమ్మేస్తుంది. కింద మునిగి బతికే మొక్కలకి ఇక వెలుతురే అందదు. ఆ చెరువుగట్టు మీద నిలబడితే నాకు ఇప్పటికీ మనసు పాడైపోతుంది.

మీ మొక్కకి పొర మందంగా ఉన్న ముదురు కాడలు కత్తిరించేసి, లేత కొసలు ఉంచండి. నీళ్లు మార్చినప్పుడల్లా కాస్త ఆర్‌వో ఫిల్టర్ నీళ్లు కలపండి, ఒక్కసారిగా వద్దు. రాత్రిపూట మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, రాత్రంతా ఎయిర్ పంపు వేసి ఉంచండి.