కోటి మంది టీచర్లుంటే మా బడికి ఒక్కరేనా?

ప్రశ్న: దేశంలో టీచర్ల సంఖ్య కోటి దాటిందని, పదీ పదమూడు మంది పిల్లలకు ఒక టీచర్ ఉన్నారని పేపర్లో చదివాను. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు దాకా 28 మంది పిల్లలకి ఒక్క మేడమే. ఆవిడ సెలవు పెడితే పక్కూరి నుంచి ఎవరైనా రావాలి. మరి పేపర్లో రాసింది అబద్ధమా?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: అబద్ధం కాదమ్మా. కేంద్ర విద్యాశాఖ ఏటా దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో టీచర్లు 1,01,22,420 మంది, కోటి దాటడం ఇదే మొదటిసారి. రెండో తరగతి వరకు సగటున 10 మందికి, 3 నుంచి 5 తరగతుల్లో 13 మందికి ఒకరు చొప్పున ఉన్నారు. కాకపోతే ఆ కోటిలో ప్రైవేటు బడుల వాళ్లు, ప్లస్ టూ దాకా చెప్పేవాళ్లు కూడా కలిసే ఉన్నారు. సగటుని పట్టుకుని మీ బడి సంగతి ఎవరూ చెప్పలేరు.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకే టీచర్‌తో నడిచే బడులు దేశంలో 1,04,125, వాటిలో చదివే పిల్లలు 33 లక్షల పైచిలుకు. అంతకుముందు ఏడాది 1,10,971 ఉండేవి కాబట్టి కొంత తగ్గాయి. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి, 12,912.

పిల్లల్ని లెక్కబెట్టి టీచర్లని ఇవ్వడమే అసలు చిక్కు. ఊళ్లో పుట్టే పిల్లలు తగ్గారు, ఉన్నవాళ్లలో కొందరు పొద్దున్నే ప్రైవేటు బడి బస్సెక్కుతున్నారు, బడిలో సంఖ్య పడిపోగానే రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని సర్దడం) పేరుతో రెండో పోస్టు ఇంకో చోటికి పోతుంది. పిల్లలు తగ్గినా తరగతులు ఐదూ అలాగే ఉంటాయి కదా! ఒకటి, రెండు తరగతులకి మూడేసి సబ్జెక్టులు, మిగతా మూడింటికి నాలుగేసి, అంటే మీ మేడమ్ ఒక్కరే 18 సబ్జెక్టులు చెప్పాలి. ఒకటో తరగతి పిల్లాడి చేత పలక మీద అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లు భిన్నాల దగ్గర ఆగిపోయి కూర్చుంటారు, ఈలోపు హాజరు ఫోన్లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాయాలి. ఇది చూసి ఇంకో ఇద్దరు తల్లిదండ్రులు టీసీ తీసుకుంటారు, సంఖ్య మళ్లీ పడిపోతుంది.

నియామకాలు జరగలేదని కాదు. మన రాష్ట్రంలో టీచర్ల నియామకానికి పెట్టిన 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులిచ్చారు, అందులో ప్రాథమిక బడుల్లో చెప్పే ఎస్‌జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) సుమారు ఆరున్నర వేలు. వాళ్లందరినీ ఒక్క టీచరే ఉన్న బడులకే పంపినా వాటిలో దాదాపు సగానికే సరిపోతారు, పైగా రిటైరైన వాళ్ల ఖాళీలు కూడా వీళ్లతోనే నింపాలి. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పూర్తయింది 2025లోనే అంటే, మధ్యలో ఎన్ని బడులు ఒంటి టీచర్‌తో గడిపాయో ఆలోచించండి. నా దృష్టిలో ఇది పిల్లలకు జరిగిన అన్యాయమే.

ఇక మీ బడి సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూల్ ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి. మీ బడిలో 28 మందే కదా అని ఎవరైనా అంటే ఈ షెడ్యూలే చూపించండి. ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లుండాలని ప్రాథమిక బడుల్లో కనీస వసతుల కోసం కేంద్రం పెట్టిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం 1987లోనే చెప్పింది కూడా. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు. కమిటీ చేత తీర్మానం రాయించి, పిల్లల సంఖ్య తరగతుల వారీగా వేసి, ఎంఈవోకి (మండల విద్యాధికారి) ఒక కాపీ, డీఈవోకి (జిల్లా విద్యాధికారి) ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. రెగ్యులర్ పోస్టు వచ్చేదాకా వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే వేరే బడి నుంచి తాత్కాలికంగా, ఒకర్ని పంపమని అందులోనే అడగండి. మీ మేడమ్ మీద ఫిర్యాదులా మాత్రం రాయకండి, ఆవిడకి తోడు కావాలని రాయండి. జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఇంటింటికీ తిరిగి ఓ ఐదారుగురు పిల్లల్ని చేర్పించగలిగితే మీ మాటకి బలం పెరుగుతుంది.