పిల్లలతో ఆకుకూర మడి చేయిస్తే ఏం నేర్చుకుంటారు?

ఆరేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలున్నారు, పెరట్లో కాస్త జాగా ఉంది, మడి చేయిస్తే చదువుకు పనికొస్తుందా లేక రెండు రోజుల ఆటగా మిగిలిపోతుందా అని అడిగారు. తప్పకుండా పనికొస్తుంది. రాజమండ్రిలో మా పెరట్లో ఇద్దరు పిల్లలతో కొన్నేళ్లుగా చేయిస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. కాకపోతే మడి మొత్తం వాళ్ల చేతులతోనే తయారవ్వాలి. నర్సరీలుండే కడియం మాకు దగ్గరే, అక్కణ్నుంచి నారు తెచ్చి గంటలో నాటేయొచ్చు. అలా చేస్తే పిల్లలకు నీళ్లు పోయడం తప్ప ఇంకేం మిగలదు.

ముందు కొలతలు వాళ్లనే తీయనివ్వండి. గట్టు పక్కన కూర్చుని చెయ్యి చాపితే మడి మధ్యకు అందాలి, లోపల కాలు పెట్టే అవసరం రాకూడదు. పెద్దవాళ్లకు నాలుగడుగుల వెడల్పు ఫరవాలేదు. మా చిన్నదాని చెయ్యి అడుగున్నరే అందుతుంది, అందుకని మా మడి మూడడుగులే. "తొక్కితే ఏమవుతుంది?" అని అడిగింది. తొక్కిన చోట ఒక చెంబు, గుల్ల చేసిన చోట ఒక చెంబు నీళ్లు పోయమన్నాను. ఒకచోట నీళ్లు నిలిచిపోయాయి, రెండోచోట చూస్తుండగానే ఇంకిపోయాయి. ఆ తర్వాత మడిలోకి దిగొద్దని నేను చెప్పాల్సిన పని పడలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు పెరటి మట్టి వేసి, నీళ్లు నింపి, మూత బిగించి బాగా గిలక్కొట్టి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో పేరుకుంటుంది, బంకమన్ను దిగడానికి ఒక రోజు పైనే పడుతుంది. మావాడు పొరలను స్కేలుతో కొలిచి ఏది ఎంత శాతమో లెక్క కట్టాడు. బడిలో శాతాలంటే టెన్షన్ పడే పిల్లాడు! ఇసుక ఎక్కువైతే తడి నిలవదు, బంక ఎక్కువైతే ఎండకు బిగుసుకుపోతుంది. రెండింటికీ బాగా చివికిన పశువుల ఎరువే మందు. పచ్చి పేడ మాత్రం వేయనివ్వకండి, మొక్కల వేళ్లు మాడిపోతాయి.

తోటకూర గింజలు మరీ సన్నం, ఇసుకలో కలిపి చల్లించండి. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలపాలి. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, కొత్తిమీరకు వారం పది రోజులు. పిల్లలు అంత ఓపిక పట్టలేక తవ్వి చూస్తారు. వద్దనకండి, తవ్వి చూడ్డానికనే ఓ మూల కొన్ని గింజలు వేయించండి. మొలకలు ఒత్తుగా వస్తే కొన్ని పీకక తప్పదు. మా చిన్నది బాధపడిందిగానీ, పీకిన లేత తోటకూర పప్పులో వేస్తే ఇష్టంగా తింది.

వీలైతే ఒక అంచున అలసందలు పెట్టండి. పూతకు వచ్చాక ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా లేపి వేళ్లు కడిగితే చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే బాక్టీరియా అక్కడే ఉంటుంది. ఆ రంగు ఉందంటే అది పనిలో ఉన్నట్టే. మా ఇద్దరూ ఒక్కో బొడిపె చిదిమి చూస్తూ ఎంతసేపటికీ లేవలేదు.

మొదటిసారి కాబట్టి తోటకూర, మెంతికూరతో మొదలుపెట్టండి. తోటకూర దాదాపు నెలలో కోతకు వస్తుంది, ఆరేళ్ల పిల్లలు అంతకంటే ఆగలేరు. వానాకాలంలో అయితే మడిని అర అడుగు ఎత్తు లేపించండి, లేకపోతే నీళ్లు నిలిచి మొలకలు కుళ్లిపోతాయి.