సగం పూట ప్రాక్టీసు, పాత కట్టడాల చట్టం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 31 ఏళ్ళు. గుంటూరు సివిల్ కోర్టులో నాలుగేళ్ళు ప్రాక్టీసు చేశాను. పాప పుట్టాక రెండేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటి దాకా పాపను చూసుకుంటానని మా అత్తగారు అంటున్నారు. డిగ్రీలో హిస్టరీ చదివాను. పాత గుళ్ళు, స్తూపాలు అంటే ప్రాణం. పాత ఆలయాల వివరాలు నమోదు చేసే ఒక ట్రస్టు వాళ్ళు రోజుకి మూడు గంటలు వచ్చి చట్టం పని చూడమంటున్నారు, నెల జీతం ఇస్తామంటున్నారు. తీసుకుంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా నా నమోదుకి (ఎన్‌రోల్‌మెంట్‌కి) ఇబ్బంది వస్తుందా? అసలు ఈ చట్టాల్లో సగం పూట పని చేసే వాళ్ళకి చోటుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, మొదట మీ టెన్షన్ సంగతి చూద్దాం. ప్రాక్టీసులో ఉన్న లాయరు పూర్తికాలం జీతానికి పని చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన. పార్ట్‌టైమ్ ఉద్యోగానికి మాత్రం 52వ నిబంధనలో దారి ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి, ఆ పని మన వృత్తికి అడ్డు రాకూడదు, వృత్తి గౌరవానికి భంగం కాకూడదు. ట్రస్టులో చేరకముందే అనుమతికి రాయండి. పని గంటలు, పని స్వభావం రెండూ అందులో స్పష్టంగా ఉండాలి.

ఇక చోటుందా అంటే, ఉంది. నేను ఈ దారిలోకి ఎలా వచ్చానో చెబుతాను, మీకే తెలుస్తుంది.

పదేళ్ళ కిందట విజయవాడ మొగల్రాజపురంలో స్థలం కొంటున్న ఒక రిటైర్డ్ ఉద్యోగి లీగల్ ఒపీనియన్ కోసం నా దగ్గరికి వచ్చారు. ముప్ఫై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పన్ను రసీదులు అన్నీ చూశాను. ఎక్కడా మచ్చ లేదు. టైటిల్ క్లియర్ అని సంతకం పెట్టిచ్చాను. తీరా పునాదులు తవ్వుతుంటే పని ఆపమని నోటీసు వచ్చింది. అక్కడి కొండలో తొలిచిన గుహలు కేంద్ర రక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి లేనిదే ఇటుక పెట్టకూడదు. మీరితే రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ సంగతి ఈసీలో కనపడదు. అమ్మకాలు, తాకట్లు అందులో ఉంటాయి గానీ, పక్క కొండలో గుహ ఉందని అది ఎందుకు చెబుతుంది? ఆయన పాపం రోడ్డు వెంట బండి మీద వెళ్ళి కొలుచుకొచ్చి, "రెండొందల మీటర్లు దాటి ఉందమ్మా" అన్నారు. దూరం రోడ్డు వెంట చూడరు, రక్షిత హద్దు నుంచి నేరుగా కొలుస్తారు. అలా కొలిస్తే 84 మీటర్లే. తప్పు నాది. కాగితాల్లోంచి తలెత్తి ఆ కొండ వైపు చూడలేదు నేను. ఫీజు తిరిగిచ్చాను. ఆయన నష్టానికి అది ఏ మూలకి?

ఆ తర్వాత ఆ చట్టాన్ని కూర్చుని చదివాను. చదివాక ఇంకో ఫైలు వచ్చింది. అదే వైపు ఒక పెద్దావిడ ఇల్లు కురుస్తోంది. గుహల దగ్గర మరమ్మతు కూడా కుదరదని ఎవరో చెబితే, మూడు వానాకాలాలు కప్పు మీద టార్పాలిన్ పట్టా పరుచుకుని గడిపింది. ఆ మాట తప్పు. 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇల్లయితే, నిషేధిత పరిధిలో ఉన్నా మరమ్మతుకి 20సి సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవచ్చు. అప్పటి ఇంటిపన్ను రసీదులు, కరెంటు కనెక్షన్ కాగితం వెతికించి జత చేశాను. అనుమతి వచ్చింది. ఆవిడ ఇంటి రేకులు మార్చుకున్న రోజు నేను వెళ్ళి చూసొచ్చాను.

ఇలాంటి పనికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోర్టులో కూర్చోనక్కర్లేదు. అర్జీ అందిన 15 రోజుల్లో అధికారి దాన్ని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకి పంపాలి, వాళ్ళు రెండు నెలల్లో సిఫార్సు చేయాలి, ఆపైన నెలలో నిర్ణయం రావాలి. ఈ గడువులు డైరీలో రాసుకుని, దాటితే గుర్తుచేస్తూ లేఖ రాయడమే సగం పని. మీ రెండింటి టైము దానికి చాలు.

ట్రస్టులో మీకు ఇంకో రకం పని దొరుకుతుంది. వందేళ్ళు దాటిన విగ్రహాలు, 75 ఏళ్ళు దాటిన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. ఇళ్ళలో తాతల నాటి తాళపత్రాలు, కంచు విగ్రహాలు ఉన్నవాళ్ళకి వేటికి రిజిస్ట్రేషన్ కావాలో కూడా తెలియదు. లైసెన్సు లేకుండా వాటి అమ్మకం వ్యాపారం చేయకూడదనీ, సొంతంగా దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదనీ అసలే తెలియదు. ప్రతి గుడిలో ప్రతి విగ్రహానికీ కొలతలతో, తేదీతో ఫొటో తీయించండి. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరితే, 2016లో వాళ్ళు మనకి తిరిగిచ్చారు. అది మనదని నిరూపించడానికి పాత ఫొటోలు అక్కరకొచ్చాయి. ఫొటో లేని విగ్రహం పోతే పోలీసులకి ఏం వర్ణిస్తాం?

అమరావతికి మీరు వెళ్ళే ఉంటారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకెంజీ అక్కడికి వచ్చేసరికే మహాచైత్యం (అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం) రాళ్ళు ఊరి కట్టడాలకి పోతున్నాయి. మిగిలిన శిల్పాల్లో ఎన్నో ఇప్పుడు లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి. వాటి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అప్పుడు ఆపడానికి చట్టం లేదు. ఇప్పుడుంది, చదివే మనుషులు తక్కువ.

సంపాదన మాట కూడా దాచను. దీని మీదే బతకడం మొదటి రెండేళ్ళు కష్టం. బ్యాంకుల టైటిల్ ఒపీనియన్లు వదలకండి. 36వ నిబంధన వల్ల మనం ప్రకటనలు ఇచ్చుకోకూడదు కాబట్టి, ఒక ఫైలు బాగా చేస్తే వాళ్ళ పక్కింటి వాళ్ళు వస్తారు, అంతే.

ఈ వారం ఒక పని చేయండి. ఉండవల్లి గుహలని రక్షిత కట్టడంగా ప్రకటించిన నోటిఫికేషన్ సంపాదించి సర్వే నంబరు రాసుకోండి, ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని పొద్దున్నే వెళ్ళి హద్దు ఎక్కడుందో కాళ్ళతో నడిచి చూడండి. పాత నోటిఫికేషన్లలో 2022 తర్వాతి జిల్లాలు ఉండవు, తికమక పడకండి. అమరావతి ఇప్పుడు పల్నాడు జిల్లా అయినా కాగితంలో గుంటూరే ఉంటుంది. బార్ కౌన్సిల్‌కి రాసే అర్జీ డ్రాఫ్ట్ పత్రిక చిరునామాకి పంపండి, చదివి దిద్ది పంపిస్తాను.