పాటలు బాగా పాడే పిల్లలు కల్పనస్వరాలకు ఎందుకు భయపడతారు?

మీ పాప ఐదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోందని, కీర్తనలు చక్కగా పాడుతుంది గానీ "సొంతంగా నాలుగు స్వరాలు వెయ్యి" అనగానే బిగుసుకుపోతుందని రాశారు. కల్పనస్వరాలంటే పాటలో ఒక చోటు పట్టుకుని, అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడే స్వరాలే. పన్నెండేళ్ల వయసులో నా పరిస్థితీ అదే.

నాకు మొదట నేర్పినవారు కల్పనస్వరాలు కూడా నోట్‌బుక్‌లో రాయించి బట్టీ పట్టించేవారు. పోటీల్లో ప్రైజులు వచ్చాయి. పుస్తకం మూస్తే మాత్రం ఒక్క స్వరం సొంతంగా నోట్లోంచి వచ్చేది కాదు. తర్వాత రాజమహేంద్రవరంలో ఒక మాస్టారి దగ్గర చేరాను. నా భయం పోగొట్టింది ఆయనే.

మోహనంతో మొదలుపెట్టారు. ఆ రాగంలో ఉన్నవే స రి గ ప ధ. అందులోనూ "స, రి, గ మూడే వాడమ్మా. ఆదితాళం ఒక్క ఆవర్తనం, ఎనిమిది అక్షరాలు. రి దగ్గర ఆగాలి" అన్నారు. ఆవర్తనం అంటే తాళం ఒక చుట్టు, అక్షరం అంటే అందులో ఒక దెబ్బ. స్వరాలు అయ్యాక మళ్లీ మేం ఎత్తుకునే పాట గ మీద మొదలవుతుంది కాబట్టి, రి దగ్గర ఆగితే గొంతు హాయిగా పాటలోకి వెళ్లిపోతుంది. "మూడింటితో ఏం పాడతాం మాస్టారూ?" అన్నాను. "బాలమురళీకృష్ణ గారు స, మ, ప మూడింటితోనే సర్వశ్రీ అని ఒక రాగమే కట్టారు. నీకు ఒక్క ఆవర్తనానికి చాలవా?" అన్నారు.

మొదట "సరిగరి సరిగరి" తప్ప ఏమీ రాలేదు. ఆయన తాళం ఆపలేదు, "ఊఁ, ఇంకోటి" అన్నారు. వారం పది రోజులయ్యాక ఒక సాయంత్రం "గా రిస రీ గరి" అని వచ్చింది. గ మీద రెండు అక్షరాలు నిలబడొచ్చని ఎవరూ చెప్పకుండా నాకే తట్టింది. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మాస్టారు ఎప్పుడూ ముందు తాను పాడి చూపించేవారు కాదు. పాడితే మేం దాన్నే అనుకరిస్తామని ఆయనకు తెలుసు. మేం పాడాక, అందులో ఒక ముక్క పట్టుకుని పెంచి పాడేవారు. మనం వేసిన ముక్క గురువు గొంతులో వింటే వచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

ఇంకొకటి చెప్పాలి. ప, ధ కూడా కలిపాక ఒకసారి పై స్వరం నుంచి కిందికి దిగేటప్పుడు "సనిధప" అనేశాను. మోహనంలో ని లేదు. తిడతారని టెన్షన్ పడ్డాను. ఆయన "మళ్లీ పాడు, ఇది ఎక్కడ విన్నావో చెప్పు" అన్నారు. రెండుసార్లు పాడితే తెలిసింది, అది చిన్నప్పుడు నేర్చుకున్న స్వరజతిలోది, బిలహరి రాగంలో మొదట్లో నేర్పే పాట! ఎక్కేటప్పుడు రెండు రాగాలూ ఒకటే, దిగేటప్పుడే బిలహరిలో ని, మ వస్తాయి. ఆ రోజు పాఠమంతా ఆ తేడా మీదే నడిచింది.

అలాగని గీతాలు, వర్ణాలు లాంటి అభ్యాసం పాటలు పక్కన పెట్టమని కాదు. రాగం నోట్లో నానకపోతే కల్పన ఎక్కడి నుంచి వస్తుంది? మీ పాపకు ఆ పునాది ఎలాగూ ఉంది. రోజూ పది నిమిషాలు శ్రుతి పెట్టి, తనకు బాగా వచ్చిన రాగంలో మూడు స్వరాలు ఇవ్వండి. ఫోన్‌లో వీడియో తీయొద్దు, చుట్టాల ముందు పాడమనొద్దు. మీరు పక్కన కూర్చుని తాళం వెయ్యండి. తప్పు పాడినా తాళం ఆపకండి.